కొత్త ఇరుసుకు తోకకొవ్వు

ఆ రోజు పొద్దున బేషెనాలి టీ కూడా తాగలేదు. బావమరిది ఎసెన్‌కుల్ తన పశువుల లారీలో గొర్రెలకు బదులు రెండు జీపు ఇరుసులు వేసుకొని వస్తున్నాడని తెలిసినప్పటినుంచి ఆయన కాలు ఒకచోట నిలవలేదు. అరవై ఒక్క ఏళ్ళ మనిషి, ముగ్గురు మనవల తాత, పెళ్ళిచూపులకు బయలుదేరే కుర్రాడిలా వాకిట్లోకీ గేటు దగ్గరికీ పదిసార్లు తిరిగాడు. ఇల్లాలు సోనున్‌బూబూ పొయ్యి ముందు కూర్చుని పాలు కాస్తూ అంతా చూసింది. జీపు ఊసు వస్తే ఆమె పెదవి విప్పడం మానేసి మూడేళ్ళయింది.

మా కొండల ఊరు కారా-జార్‌లో ఆ జీపుకు ఒక పేరుంది, నీలిపోతు. ఎప్పుడో సోవియట్ సైన్యం వాడి వదిలేస్తే సమష్టి వ్యవసాయ క్షేత్రం పశువైద్యుడికి వచ్చింది. బేషెనాలి ఆ డాక్టరును ఎక్కించుకొని ఇరవై ఏళ్ళు కొండలన్నీ తిరిగాడు. క్షేత్రాన్ని రద్దు చేసి ఎవరి వాటా వాళ్ళకు పంచిన ఏడాది అందరూ గొర్రెలు తోలుకుపోతుంటే, ఈయన మాత్రం నాకు గొర్రెలొద్దు, నీలిపోతే కావాలని మొండికేశాడు. ఆ రోజు నవ్వినవాళ్ళే తర్వాత నొప్పులు పడుతున్న కోడళ్ళను అందులో ఎక్కించి ఆస్పత్రికి పంపారు. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళు పెళ్ళికూతురై దిగింది ఆ జీపులోంచే. ఏటా జూన్‌లో గుడారాల కర్రలూ, వాటి మీద కప్పే ఉన్ని నమదాలూ, ముసలివాళ్ళనూ టాష్-బెల్ కనుమ దాటించి ఎండాకాలపు మేతభూములకు చేర్చేదీ అదే.

మనిషి మంచివాడు, ఇంజనూ మంచిదే. బ్రేకులే దొంగవి. ఆ కనుమ ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు. పైన మంచునీళ్ళ వాగు దాటాలి. దాటగానే పదకొండు కిలోమీటర్ల దిగుడు, మలుపు మీద మలుపు. నీలిపోతుకు నాలుగు చక్రాలకూ పాత డ్రమ్ము బ్రేకులు. వాగులో డ్రమ్ముల్లోకి నీళ్ళు దూరితే ఆరేదాకా పట్టవు. ఆరిన తర్వాత రెండు మలుపులు గట్టిగా తొక్కితే వేడెక్కి మళ్ళీ పట్టవు. మూడేళ్ళ కిందట మూడో మలుపు దగ్గర పెడల్ నేలకు అంటుకుపోయింది. ఎడమపక్క లోయ. కుడిపక్క కొండవైపు గుర్రమంత బూడిదరంగు బండ ఒకటుంది. బేషెనాలి స్టీరింగు దానివైపు తిప్పేశాడు. జీపు ఆగింది. పక్క సీట్లో ఉన్న సోనున్‌బూబూ కుడిచెయ్యి తలుపులో నలిగింది. ఉంగరం వేలు సగానికి తీసేశారు.

ఆస్పత్రినుంచి వచ్చిన రోజే ఆమె తేల్చి చెప్పింది, ఇక ఆ జీపు ఎక్కనని. చెప్పిన మాట మీద నిలబడింది కూడా. ఏటా జూన్‌లో గుర్రమెక్కి, దుమ్ము మింగుతూ రెండు రోజులు మంద వెనకాలే వెళ్ళి కనుమ దాటుతోంది. యాభై ఎనిమిదేళ్ళ నడుముతో! బేషెనాలి బతిమాలాడు, అలిగాడు, అత్తవారి చేత చెప్పించాడు. ఆమె దిగిరాలేదు. ఊరు ఊరంతా తన పక్కన కూర్చుని కనుమ దిగుతోంది, కట్టుకున్న ఆడది తప్ప. ఆ సంగతి ఆయన గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఈ ఇరుసులు బిగించాలి, ఈ జూన్‌లో సోనున్‌బూబూ తన పక్కన కూర్చోవాలి. ఆయనకు ఇంకేమీ అక్కర్లేదు.

మధ్యాహ్నానికి లారీ వచ్చింది. బోల్తాపడ్డ కొత్తరకం జీపు నుంచి ఊడదీసి పట్నంలో ఒక పాత ఇనుము కొట్టులో అమ్మకానికి పెట్టిన ఇరుసులవి. వెనకదానికి డ్రమ్ములే గాని పెద్దవి. ముందుదానికి మాత్రం డిస్కు బ్రేకులు, రొట్టె పళ్ళెమంత వెడల్పున రెండు ఇనుప డిస్కులు. వాటికోసం బేషెనాలి తన రెండేళ్ళ గుర్రాన్నే ఇచ్చేశాడు. ఇచ్చిన మనిషికి దిగులు ఉండాలా వద్దా? ఏమీ లేదు. లారీ ఎక్కి, గోనెపట్టా తీసి, ఆ డిస్కును అరచేత్తో నిమిరాడు. కళ్ళు చెమర్చాయి.

మా వైపు అక్క మొగుణ్ణి ఆటపట్టించడం బావమరిది జన్మహక్కు. ఎసెన్‌కుల్ ఊరుకుంటాడా.

"ఏం బావా, మా అక్కను తెచ్చుకున్న రోజున కూడా నీ మొహం ఇంత వెలగలేదే" అన్నాడు.

"మీ అక్కకు అప్పుడూ బ్రేకుల్లేవు, ఇప్పుడూ లేవు. నేను కాబట్టి నెట్టుకొస్తున్నా" అన్నాడు బేషెనాలి, డిస్కు మీదనుంచి చెయ్యి తియ్యకుండానే.

సాయంత్రానికి వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. ఎదురింటి తుర్దాకున్ తాత పెదవి విరిచాడు. పాత సైనిక ఇరుసుల్లో చక్రాల దగ్గర విడిగా పళ్ళచక్రాలుంటాయి, అందుకే జీపు పొట్ట నేలకు అంత ఎత్తులో ఉంటుంది, ఇవి పెడితే పొట్ట జానెడు కిందికి దిగి వాగులో రాళ్ళకు గీసుకుంటుందని ఆయన వాదన. అబద్ధమేమీ కాదు. గీసుకుంటే గీసుకోనీ తాతా, ఆగితే చాలు అన్నాడు బేషెనాలి. అన్నాడే గాని ఆ రాత్రే కూర్చుని లెక్కలు గీసి, ఎత్తయిన కమాను స్ప్రింగులూ పెద్ద టైర్లూ వేస్తే ఆ జానెడులో ముప్పాతిక తిరిగి వస్తుందని తేల్చుకున్నాడు.

పదకొండు రోజులు పట్టింది. పాత ఇరుసులు ఊడదీయడమే రెండు రోజులు. తుప్పుకు ఒక్కొక్క బోల్టు ఒక్కొక్క పోరాటం. కొత్తవాటి మీద కమానులు కూర్చునే దిమ్మెలు సరిపోకపోతే కోసి మళ్ళీ వెల్డింగు చేశాడు. ఇంజను నుంచి ఇరుసుకు వెళ్ళే షాఫ్టులు పొట్టివైపోతే జిల్లా కేంద్రానికి మోసుకెళ్ళి పొడవు పెంచి తెచ్చాడు. పెడల్ మీద కాలి బలం ఒక్కటే చాలదని ఇంజను పక్కన గుండ్రటి పెద్ద డబ్బా ఒకటి బిగించాడు. అది ఇంజను గాలి పీల్చే బలంతో బ్రేకును నొక్కుతుంది. ఒక్కో ముక్క కూర్చున్నకొద్దీ ఆయనకు ఆకలి పోయింది, నిద్ర పోయింది, నడుంనొప్పి కూడా పోయింది. చీకటితో లేచి జీపు కిందికి దూరేవాడు. లోపలనుంచి పాత సైన్యం పాటేదో వినిపించేది, రాగం మాత్రం ఏ రోజూ కుదరలేదు.

చివరిరోజు ఒక మనిషి అవసరం పడింది. గొట్టాల్లో చిక్కుకున్న గాలి బయటికి పోవాలంటే ఒకరు పైన పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఒకరు కింద మర వదులుచేసి బిగించాలి. ఎసెన్‌కుల్ గొర్రెను కొయ్యడంలో ఉన్నాడు. ఇంట్లోకి కొత్తది ఏదొచ్చినా, అది బండి కానీ కోడలు కానీ, రక్తం చిందించకుండా ఉండటం మాకు అలవాటు లేదు. బేషెనాలి ఎవర్ని పిలవాలా అని చూస్తుంటే సోనున్‌బూబూ చేతులు తుడుచుకుంటూ వచ్చి జీపు పక్కన నిలబడింది. జీపు నాలుగు దిమ్మెల మీద ఉంది. చక్రాలు గోడకు చేరవేసి ఉన్నాయి.

"చక్రాల్లేవు కదా" అంది.

"లేవు."

"చక్రాల్లేనిది బండి కాదు" అని తనకు తానే చెప్పుకొని, ఎక్కి ఆయన సీట్లో కూర్చుంది.

మూడేళ్ళ తర్వాత! బేషెనాలి, మాట్లాడితే ఎక్కడ దిగిపోతుందోనని గబగబా కిందికి దూరిపోయాడు. వెనక చక్రాల చోటు నుంచి మొదలుపెట్టాడు. తొక్కు అంటే తొక్కింది, పట్టుకో అంటే పట్టుకుంది. గాజుసీసాలో ముంచిన గొట్టంలోంచి బుడగలు బుడబుడ వచ్చాయి. ఇన్నిసార్లు తొక్కి ఉంటే ఈపాటికి తోలుతిత్తిలో గుర్రపుపాల కుమిస్ కూడా పులిసి ఉండేదని ఆమె విసుక్కుంది. విసుక్కుంటూనే తొక్కింది. చివరి చక్రం దగ్గర బుడగలు ఆగిపోయాయి.

"గట్టిపడింది" అంది పైనుంచి. "రాయి మీద కాలు పెట్టినట్టుంది."

ఆయన అడగలేదు, అయినా ఆమె తనంతట తాను ఇంకోసారి తొక్కి చూసింది. జీపు కిందనుంచి బేషెనాలికి ముందు డిస్కును ప్యాడ్లు రెండుపక్కలా కరిచి పట్టుకోవడం కనిపించింది. ఆయనకు ఆనందంతో కేక వెయ్యాలనిపించింది. వెయ్యలేదు. కాలువ దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంటూ చాలాసేపు తనలో తాను నవ్వుకున్నాడు. మాంసం ఉడికింది, అందరూ తిన్నారు, దువా చేశారు. చీకటి పడ్డాక బావా బావమరుదులు కలిసి లాంతరు వెలుగులో చక్రాలు బిగించారు.

మర్నాడు పరీక్ష. ఎసెన్‌కుల్ వీధి చివర దారికి అడ్డంగా ఎండు పేడ ఇటుకలతో నడుమెత్తు గోడ కట్టాడు. దాని ముందు జీపు ఆగాలి. తాతలు బెంచీ మీద సర్దుకున్నారు. సోనున్‌బూబూ నీళ్ళ బకెట్టు పట్టుకొని గేటు దగ్గర నిలబడింది. కాలువకు వెళ్తున్నట్టే ఉంది కానీ అడుగు ముందుకు వెయ్యలేదు. బేషెనాలి ఆ బకెట్టును చూశాడు. ఈ రోజు తాను ఆపాల్సింది జీపును కాదని, ఆమె భయాన్నని ఆయనకు తెలుసు. గేరు మార్చి వేగం పెంచాడు, గోడ ముప్పై అడుగుల దూరంలో ఉందనగా పెడల్ తొక్కాడు.

పెడల్ రాయిలాగే ఉంది. వెనక చక్రాలు ఈడ్చుకున్నాయి. ముందువి మాత్రం పట్టనే లేదు. నీలిపోతు గోడను గుద్దేసి, పేడ ఇటుకల్ని నాలుగు దిక్కులకూ ఎగరేసి, తుర్దాకున్ తాత బంగాళాదుంపల మడిలోకి వెళ్ళి చేతిబ్రేకు మీద ఆగింది. దెబ్బ ఎవరికీ తగల్లేదు. వీధంతా పొట్ట చేత్తో పట్టుకొని నవ్వింది. బంగారంలాంటి గుర్రాన్ని ఇచ్చి మడి దున్నే నాగలి తెచ్చుకున్నావని తాత అక్కడికక్కడే అంటించాడు. తల మీద పేడపొడితో బేషెనాలి గేటువైపు చూశాడు. సోనున్‌బూబూ నీళ్ళు తేకుండానే ఖాళీ బకెట్టుతో లోపలికి వెళ్ళిపోతోంది.

ఆయనకు ఒళ్ళంతా చచ్చుబడినట్టయింది. అయినా చేతులు ఊరుకోవు కదా. జీపును వాకిట్లోకి తోసుకొచ్చి ముందు చక్రం విప్పాడు. డిస్కు మీద పసుపుపచ్చని జిడ్డు. బ్రేకు ఆయిల్ కారిందేమోనని మొదట భయపడ్డాడు. వేలితో తీసి వాసన చూశాడు. గొర్రె వాసన. నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పగా ఉంది. నిన్న ఉడికించిన గొర్రె తోకకొవ్వు! అరికాలి మంట నెత్తికెక్కింది, ఎవడో కావాలనే ఈ పని చేశాడని. రెండో చక్రం విప్పాడు. ప్యాడ్లు తగలని డిస్కు మధ్యభాగంలో కొవ్వు పూసిన చేతి గుర్తు చెక్కుచెదరకుండా ఉంది. మూడు నిండు వేళ్ళు, ఒక సగం వేలు.

ఆ సగం వేలును బేషెనాలి చాలాసేపు చూశాడు. కోపం ఎటుపోయిందో తెలియలేదు.

ఈలోగా ఎసెన్‌కుల్ మీసం మీద పేడ దులుపుకుంటూ వచ్చాడు. పట్నం వెళ్ళి ఆ కొట్టువాడి గొంతు పట్టుకొని గుర్రాన్ని వెనక్కి తెస్తానని ఊగిపోతున్నాడు. ఒక్క మాట చెబితే చాలు, బేషెనాలి పరువు నిలబడేది. ఆ మాట చెబితే సాయంత్రానికల్లా ఊళ్ళో ప్రతి పొయ్యి దగ్గరా సోనున్‌బూబూ పేరు చెప్పుకొని నవ్వుతారు. ఆయన గుడ్డ తీసి ఆ చేతి గుర్తును తుడిచేశాడు.

"కొట్టువాడి తప్పేం లేదురా. జిడ్డు తుడవకుండా బిగించా. నాదే పొరపాటు" అన్నాడు.

నలభై ఏళ్ళ అనుభవమున్న డ్రైవరు జిడ్డు తుడవడం మరిచిపోయాడన్న కబురు మధ్యాహ్నానికి ఊరు దాటింది. ఎసెన్‌కుల్ అక్క వంటింట్లోకి వెళ్ళి అదే చెప్పి పడీ పడీ నవ్వాడు. ఆమె నవ్వలేదట. టీ కూడా పొయ్యకుండా బయటికి వచ్చేసింది.

బేషెనాలి డిస్కులను పెట్రోలుతో కడిగి ప్యాడ్లకు గరుకుకాగితం పట్టిస్తున్నాడు. ఆమె వచ్చి ఆయన ఎదురుగా గొంతుక్కూర్చుంది. గుడ్డను చూసింది, తన చేతిని చూసుకుంది.

"నేనే" అంది.

"తెలుసు."

"వియ్యమందుకునేటప్పుడు రెండిళ్ళవాళ్ళకూ తోకకొవ్వు తినిపిస్తాం కదా. ఎవరి బండిలోవో ఈ ఇరుసులు. మన పోతుతో చుట్టరికం కలవాలని పూశా. మెరుస్తూ కనిపించింది ఆ పళ్ళెం ఒక్కటే. అక్కడ పెట్టా." ఆ చేతిని ఒడిలో దాచుకుంది. "గోడ కూలినప్పుడు నా చెయ్యే నీ ప్రాణం తీసిందనుకున్నా. తర్వాత తమ్ముడొచ్చి నీదే తప్పని చెప్పాడు. అలా ఎందుకన్నావు?"

"నలభై ఏళ్ళనుంచి నా మీద నవ్వుతూనే ఉన్నారు. అలవాటైపోయింది. నీకు అలవాటు లేదు."

సోనున్‌బూబూ తల దించుకుంది. తర్వాత మూడేళ్ళుగా దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటపెట్టింది.

"నేను ఎక్కనన్నది నా వేలు పోయినందుకు అనుకున్నావు కదూ. ఆ రోజు బండకు కొట్టాక నువ్వు స్టీరింగు మీద తల పెట్టి కదల్లేదు. చచ్చిపోయావనుకున్నా. మళ్ళీ అది చూడలేను. అందుకే గుర్రమెక్కా. గుర్రమెక్కి మాత్రం ఏం సుఖపడ్డా? ఏటా కనుమ మీద నిలబడి, నీ ఇంజను చప్పుడు అడుగుకు చేరేదాకా చెవులు రిక్కించుకొని వింటూనే ఉన్నా."

బేషెనాలి ఆమె చెయ్యి పట్టుకోబోయి, తన చేతులు పెట్రోలు కంపు కొడుతున్నాయని ఆగాడు. తాడు పట్టి ఎద్దును ఆపాలనుకునేవాడు అరచేతికి వెన్న రాసుకుంటాడా అని అడిగాడు. ఆమె ఆలోచించి, రాసుకోడు అంది. ఈ పళ్ళెం కూడా అంతే అన్నాడాయన. మరైతే చుట్టరికం కోసం ఎక్కడ పుయ్యాలి అని ఆమె నిజంగానే అడిగింది. ఆయన గరుకుకాగితం పక్కన పెట్టి తల గోక్కున్నాడు.

వారంలో వలస. ఆమె మారుతుందేమోనని ఆయన ఆశపడ్డాడు, కానీ ఆమె ఎప్పటిలాగే రెండు రోజుల ముందే గుర్రమెక్కి, ఎసెన్‌కుల్‌తో కలిసి మంద వెనక బయలుదేరింది. తలగుడ్డ సర్దుకుంది, కళ్ళెం పట్టుకుంది, వెనక్కి తిరిగి చూడలేదు. బేషెనాలి ఆమెను అడగలేదు. ఆమె వెళ్ళిన మర్నాడు ఊరవతల ఎవరూ చూడకుండా పాతికసార్లు బ్రేకు పరీక్షించాడు. పాతికసార్లూ నీలిపోతు మేకు కొట్టినట్టు ఆగింది. ఆ సంతోషం చెప్పుకోడానికి ఇంట్లో ఎవరూ లేరు.

మూడోరోజు పొద్దెక్కేసరికి నమదాల కట్టలు నింపుకొని కనుమ ఎక్కాడు. పైన వాగు పొంగి ఉంది. నీళ్ళు చక్రాల సగానికి వచ్చాయి, పొట్టకు ఒక రాయి గీసుకుంది, తుర్దాకున్ తాత గుర్తొచ్చాడు. ఒడ్డెక్కి పెడల్ ఒకసారి ఆనించాడు. తడి డిస్కులు బుస్సుమని నీళ్ళు చిమ్మి వెంటనే పట్టాయి. ఒళ్ళు పులకరించింది. తలెత్తి చూశాడు.

దిగుడు మొదలయ్యే చోట దారిపక్కన సోనున్‌బూబూ నిలబడి ఉంది. ఆమె గుర్రం కళ్ళెం తమ్ముడి చేతిలో ఉంది. జీపు దగ్గరికి రాగానే చెయ్యెత్తింది, ఇన్నేళ్ళుగా ఊళ్ళోవాళ్ళంతా ఎత్తినట్టే. బేషెనాలి సరిగ్గా తలుపు పిడి ఆమె చేతికి అందేలా ఆపాడు. ఆమె ఎక్కింది. తలుపు రెండుసార్లు లాగి వేసుకుంది. ఎసెన్‌కుల్ వెనకనుంచి, బావా ఇప్పుడైనా జిడ్డు తుడిచావా అని అరుస్తున్నాడు. ఆయనకు వినిపించలేదు. ఆ క్షణంలో పిడుగు పడ్డా వినిపించి ఉండేది కాదు.

మొదటి మలుపు దిగారు. ఆమె ముందున్న కమ్మీని రెండు చేతులా పట్టుకుంది. రెండో మలుపు దిగారు. ఒక చెయ్యి వదిలింది. పెడల్ మెత్తబడలేదు, బండి తూలలేదు. ఆయన ఏదో పాట మొదలుపెట్టబోతుండగా మూడో మలుపు వచ్చింది.

"ఆపు" అంది.

నిట్టదిగుడు. కాలు ఆనించాడు. నీలిపోతు ఉన్నచోట ఉన్నట్టే ఆగిపోయింది. ఒక్క రాయి కూడా దొర్లలేదు. సోనున్‌బూబూ దిగి, బూటు పైభాగంలోంచి గుడ్డ మూట ఒకటి తీసింది. మూటలో గొర్రె తోకకొవ్వు! బేషెనాలికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"బూబూ, చక్రాల జోలికి పోకే. నీ కాళ్ళు పట్టుకుంటా."

"తెలుసులే. కాలు తియ్యకుండా కూర్చో" అంది ఆమె.

ఆమె చక్రాల వైపు వెళ్ళలేదు. కొండవైపున్న బూడిదరంగు బండ దగ్గరికి వెళ్ళింది. మూడేళ్ళ వానలకూ మంచుకూ చెదరని నీలిరంగు చార ఇంకా దాని మీద ఉంది. ఆ చార మీద, మూడు నిండు వేళ్ళతో, సగం వేలితో, కొవ్వును మెల్లగా పూసింది.

"ఆ రోజు మనకు బ్రేకు ఇదే కదయ్యా. చుట్టరికం దీనితోనే కలపాలి" అంది.

బేషెనాలి పెడల్ మీద కాలు తియ్యకుండా ఏడ్చాడు. ఆమె వంగి, గడ్డి తుంచి, వేలు వేలూ శుభ్రంగా తుడుచుకుంది. వచ్చి ఆయన పక్కన కూర్చుని ఆ చెయ్యి చాపి చూపించింది.

"జిడ్డు లేదు. ఇక పోనివ్వు."